హాలాహలం ఎవరి గొంతులో పోస్తున్నాం? – ఒక ఫ్యాక్టరీ ఉద్యోగి అడిగిన ప్రశ్న

ఓం నమశ్శివాయ.



ప్రదోషం రోజు పెట్టిన వీడియోలో క్షీరసాగర మథనం గురించి కొంత చెప్పుకున్నాం. సమయం చాలక మధ్యలో ఆపేశాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. తీరిగ్గా చదవండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే చదివి వినిపించండి.

అసలు ఈ ప్రసంగం మొదలవడానికి కారణం ఒక ఉత్తరం. మన ఛానల్ చూసే ఒకాయన రాశారు. ఆయన అనుమతితోనే, పేరూ ఊరూ లేకుండా, సారాంశం చెబుతున్నాను.

"గురువుగారూ, నేను ఒక రసాయనాల ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. వాన గట్టిగా పడిన రాత్రి మావాళ్ళు ట్యాంకుల్లో నిల్వ ఉన్న మురికి నీళ్ళు వాగులోకి వదిలేస్తారు. తెల్లారేసరికి రిజిస్టర్‌లో 'శుద్ధి చేశాం' అని రాసి ఉంటుంది. దాని కింద సంతకం నాది. వదలమని నేను చెప్పలేదు. వాల్వు నేను తిప్పలేదు. సంతకం ఒక్కటే నాది. ఇద్దరు ఆడపిల్లలు, ఇంటి మీద లోను. రోజూ శివుడికి అభిషేకం చేశాకే డ్యూటీకి వెళ్తాను. ఈమధ్య లింగం మీద నీళ్ళు పోస్తుంటే చెయ్యి వణుకుతోంది. నాకు పాపం అంటుతుందా?"

ఈ ఉత్తరం చదివి రెండు రోజులు నేను ఏమీ మాట్లాడలేకపోయాను. "శివుడు దయామయుడు, క్షమిస్తాడులే నాయనా" అని ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు. కానీ అది జవాబు కాదు. అది కూడా ఒక దొంగ సంతకమే అవుతుంది. అందుకని మొదట శివుడి కథే చెప్పుకుందాం. జవాబు అందులోంచే వస్తుంది.

అమృతం కోసం చిలికితే ముందు వచ్చింది ఏమిటి?

దూర్వాస మహర్షి శాపంతో ఇంద్రుడి వైభవం పోయింది. దేవతలు విష్ణుమూర్తి దగ్గరికి వెళ్ళారు. ఆయన ఏం చెప్పాడు? రాక్షసులతో సంధి చేసుకోండి, కలిసి పాలసముద్రాన్ని చిలకండి, అమృతం వస్తుంది అన్నాడు. మందర పర్వతం కవ్వం. వాసుకి తాడు. కొండ మునిగిపోతుంటే స్వామే తాబేలై కింద నిలబడ్డాడు.

గమనించండి, ఇది మొదటి ఉమ్మడి వ్యాపారం! ఇరుపక్షాలూ పెట్టుబడి పెట్టాయి. ఇరుపక్షాలకీ లాభంలో వాటా కావాలి. అందరి కళ్ళూ అమృతం మీదే ఉన్నాయి. "చిలికితే ఇంకేమైనా వస్తుందా?" అని ఒక్కరూ అడగలేదు.

వచ్చింది. అమృతం కన్నా ముందు హాలాహలం వచ్చింది. భాగవతం అష్టమ స్కంధంలో ఈ ఘట్టం ఉంది. ఆ విషం అన్ని దిక్కులకీ పాకుతుంటే దేవతలూ రాక్షసులూ తాడు వదిలేసి పరుగెత్తారు. లాభం పంచుకోవడానికి వచ్చినవాళ్ళలో విషం పంచుకోవడానికి ఒక్కడూ లేడు.

అప్పుడేం చేశారు? ఇక్కడే మనం చాలాసార్లు తొందరపడి ముందుకు వెళ్ళిపోతాం. శివుడు తాగాడు, నీలకంఠుడయ్యాడు అని కథ ముగిస్తాం. కాస్త ఆగుదాం. ఇందులో నాలుగు విషయాలున్నాయి.

ఒకటి. చిలకడం ఆపేశారు. "విషం సంగతి తర్వాత చూద్దాం, ముందు అమృతం రానీ, టార్గెట్ ఉంది" అనలేదు. విషం సంగతి తేలేదాకా కవ్వం కదల్లేదు.

రెండు. దాచిపెట్టలేదు. ఆ విషాన్ని ఏ అర్ధరాత్రో, ఏ పల్లెటూరి చెరువులోకో ఒంపేసి రాలేదు. నేరుగా కైలాసానికి వెళ్ళి, స్వామీ, మేం చేసిన పనివల్ల ఇది పుట్టింది, లోకాలు కాలిపోతున్నాయి అని ఉన్నదున్నట్టు చెప్పుకున్నారు. ఇవాళ పెద్ద పెద్ద సభల్లో జవాబుదారీతనం అంటున్నామే, దాని మొదటి మెట్టు ఇదే. నా వల్ల జరిగింది అని చెప్పడం.

మూడు. తాగింది ఎవరు? అందరికన్నా బలహీనుడు కాదు. అందరికన్నా సమర్థుడు. పక్కనున్న అమ్మవారిని అడిగి మరీ తాగాడు. ఇంట్లోవాళ్ళకి తెలియకుండా చేసిన పని కాదది.

నాలుగు. తాగినవాడు దాన్ని ఎక్కడ ఉంచాడు? బయటికి ఉమ్మితే పైలోకాలు పోతాయి. మింగితే తన కడుపులో ఉన్న లోకాలు పోతాయి. అందుకని గొంతులోనే నిలిపేశాడు. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకి 'జీరో లిక్విడ్ డిశ్చార్జ్' అనే మాట తెలుసు కదా, ఒక్క చుక్క కూడా బయటికి పోకూడదు అని. నవ్వుకోకండి, నాకైతే శివుడి నీలకంఠం చూసినప్పుడల్లా ఆ మాటే గుర్తొస్తుంది.

ఇంకో చిన్న మాట కూడా భాగవతంలో ఉంది. స్వామి విషం తాగేటప్పుడు చేతిలోంచి కాస్త జారిందట. ఆ జారినదాన్ని పాములూ, తేళ్ళూ, విషపు మొక్కలూ పట్టుకున్నాయట. పరమేశ్వరుడి చేతిలోంచే జారిందంటే, మనం వేసిన పైపుల మాటేమిటి? "మా దగ్గర లీకయ్యే ప్రశ్నే లేదు" అనడం ఎంత అహంకారమో ఆలోచించండి.

సురుటుపల్లిలో పడుకున్న స్వామి

తిరుపతి జిల్లాలో నాగలాపురం దాటితే తమిళనాడు సరిహద్దు దగ్గర సురుటుపల్లి ఉంది. వెళ్ళినవాళ్ళకి తెలుసు. ప్రతి శివాలయంలో లింగం చూస్తాం. అక్కడ పళ్ళికొండేశ్వరస్వామి పడుకుని ఉంటాడు. అమ్మవారి ఒడిలో తల పెట్టుకుని. హాలాహలం తాగిన బడలికతో స్వామి అక్కడ సేదతీరాడని స్థలపురాణం.

నేను మొదటిసారి ఆ మూర్తిని చూసినప్పుడు భక్తితో పొంగిపోయాను. ఇప్పుడు చూస్తే వేరేగా అనిపిస్తుంది. విషం తాగితే మహాదేవుడంతటివాడికే తల తిరిగింది, తల్లి ఒడి కావలసివచ్చింది. మరి మన వాగు నీళ్ళు తాగే గేదె ఎంత? ఆ గేదె పాలు తాగే పసిబిడ్డ ఎంత? వాళ్ళ గొంతులో విషాన్ని నిలిపే శక్తి ఎవరిచ్చారు?

లాభం ఒకరిదీ, విషం ఇంకొకరిదీ అయిన చోట అధర్మం ఉన్నట్టే. శాస్త్రాలన్నీ చదవక్కర్లేదు, ఈ ఒక్క కొలబద్ద చాలు.

తాడు పట్టుకున్నవాళ్ళు అడిగిన ప్రశ్న

ఇప్పుడు మన కాలానికి వద్దాం.

1989 మార్చి 24. అమెరికాలోని అలాస్కా తీరం. 'ఎక్సాన్ వాల్డెజ్' అనే నూనె ఓడ సముద్రంలోని రాతిదిబ్బకి గుద్దుకుంది. సుమారు 4 కోట్ల లీటర్ల ముడి చమురు నీళ్ళలో కలిసింది. దాదాపు రెండు వేల కిలోమీటర్ల తీరం నల్లబడింది. లక్షల పక్షులు రెక్కలు అతుక్కుపోయి చనిపోయాయి. చేపల మీద బతికేవాళ్ళ బతుకు తలకిందులైంది.

అందరూ కెప్టెన్ని తిట్టారు, కంపెనీని తిట్టారు. కొంతమంది మాత్రం ఇంకో ప్రశ్న వేసుకున్నారు. "ఈ కంపెనీల్లో షేర్లు ఎవరివి? మనవే కదా! మన పింఛను డబ్బు, మన ప్రార్థనా మందిరాల డబ్బు ఇందులో ఉంది కదా! మరి మనం ఏనాడైనా లెక్క అడిగామా?" పర్యావరణ సంఘాలూ, పెట్టుబడులు పెట్టేవాళ్ళూ, మత సంస్థల నిధులు చూసేవాళ్ళూ కలిశారు. అదే ఏడాది 'సెరీస్' అనే సంస్థ ఏర్పడింది. ఆ ఓడ పేరుతోనే 'వాల్డెజ్ సూత్రాలు' అని 10 నియమాలు రాశారు. భూమినీ నీటినీ కాపాడాలి, చెత్త తగ్గించాలి, పాడుచేసినదాన్ని బాగుచేయాలి, ప్రమాదం ఉంటే చుట్టుపక్కల జనానికి చెప్పాలి, ఏటా లెక్క బయటపెట్టాలి. ఇలాంటివి.

సెరీస్ అంటే ఎవరో తెలుసా? పాత రోమనుల పంటల దేవత. మనకి ఆషాఢంలో ఇంద్రకీలాద్రి మీద కూరగాయలతో అలంకరించే శాకంబరీ దేవి ఉంది చూడండి, అలాంటి తల్లి. దేశాలు వేరైనా అన్నం పెట్టే భూమిని అమ్మా అనే పిలుచుకున్నారు.

మొదట్లో పెద్ద కంపెనీలు ఆ సూత్రాల మీద సంతకం పెట్టడానికి ముందుకు రాలేదు. 1993లో సన్ ఆయిల్ అనే పెద్ద చమురు కంపెనీ ఒప్పుకుంది. తర్వాత మిగతావి కదిలాయి. 1997లో సెరీస్ ఇంకో సంస్థతో కలిసి, కంపెనీలు డబ్బు లెక్కతో పాటు నీరు, గాలి, కార్మికుల లెక్క కూడా ఎలా రాయాలో ఒక పద్ధతి తయారుచేయడం మొదలుపెట్టింది. ఇవాళ మన దేశంలో కూడా మార్కెట్ విలువలో ముందున్న 1000 లిస్టెడ్ కంపెనీలు ఇలాంటి నివేదిక ఇవ్వాలని సెబీ నియమం పెట్టింది.

ఇదంతా మాకెందుకు గురువుగారూ అంటారేమో. మీ పీఎఫ్ ఎక్కడికి వెళ్తోంది? నెలనెలా కట్టే సిప్ ఎక్కడికి వెళ్తోంది? ఏదో ఒక కంపెనీలోకే కదా! వాసుకి తోక చివర మనమూ పట్టుకున్నాం. చిలుకుతున్నాం. "నాకు అమృతం వాటా పంపండి, విషం సంగతి నాకు చెప్పకండి" అనే హక్కు తాడు పట్టుకున్నవాడికి లేదు.

దోపిడీ నాదే అన్న యజమాని

రత్నాకరుడి కథ అందరికీ తెలుసు. దారి కాచి దోచుకునేవాడు. మహర్షులు ఒక్క ప్రశ్న అడిగారు. నువ్వు ఎవరికోసం ఈ పాపం చేస్తున్నావో వాళ్ళు ఇందులో వాటా తీసుకుంటారా, వెళ్ళి అడిగి రా అన్నారు. వెళ్ళి అడిగాడు. భార్యాపిల్లలు, తిండి పెట్టడం నీ ధర్మం, పాపం మాత్రం నీదే అన్నారు. ఆ ఒక్క జవాబుతో ఆయన జీవితం తిరిగిపోయింది. వాల్మీకి అయ్యాడు.

ఇది పురాణకాలంలోనే జరుగుతుంది అనుకోకండి. 1994లో జరిగిన సంగతి చెబుతాను.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో రే ఆండర్సన్ అనే పారిశ్రామికవేత్త ఉండేవారు. 1973లో 'ఇంటర్‌ఫేస్' అనే కంపెనీ పెట్టారు. ఆఫీసుల్లో నేల మీద పరిచే తివాచీ పలకలు చేస్తారు. ఆ తివాచీ నైలాన్ అంతా పెట్రోలియం నుంచే వస్తుంది. ఇరవై ఏళ్ళలో పెద్ద కంపెనీ అయింది. ఆయనకి అరవై ఏళ్ళు వచ్చాయి. అప్పుడు కొందరు కొనుగోలుదారులు, పర్యావరణం కోసం మీ కంపెనీ ఏం చేస్తోంది అని అడగడం మొదలుపెట్టారు. సిబ్బంది ఒక సమావేశం పెట్టి, మీ ఆలోచన ఏమిటో చెప్పండి సార్ అన్నారు. ఆయన దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. చట్టం ఏం చెబితే అది చేస్తున్నాం, అంతే.

ఆ సమయానికి పాల్ హాకెన్ అనే ఆయన రాసిన 'ది ఎకాలజీ ఆఫ్ కామర్స్' పుస్తకం ఆయన బల్ల మీదికి వచ్చింది. భూమిని ఖాళీ చేస్తున్నది పరిశ్రమలే, దాన్ని సరిదిద్దగల శక్తి కూడా పరిశ్రమలకే ఉంది అన్నది ఆ పుస్తకం సారాంశం. చదువుతుంటే గుండెలో బల్లెం దిగినట్టయిందని ఆయన తర్వాత చాలా సభల్లో చెప్పుకున్నారు. ఇంకెవరినో కాదు, నన్నే దోపిడీదారు అనాలి అని తన నోటితోనే అన్నారు.

ఎంతమంది యజమానులు ఆ మాట అనగలరు చెప్పండి? డబ్బుంది, పేరుంది, చట్టప్రకారం ఏ తప్పూ లేదు. అయినా అన్నారు.

అని ఊరుకోలేదు. 2020 నాటికి మా కంపెనీ వల్ల భూమికి హాని లేకుండా చేస్తాం అని లక్ష్యం పెట్టారు. చెత్త తగ్గించారు, పాత తివాచీలు వెనక్కి తీసుకుని మళ్ళీ వాడారు, చమురు బదులు ఎండనీ గాలినీ వాడుకునే దారులు వెతికారు. కంపెనీ మునిగిపోతుందని భయపెట్టినవాళ్ళున్నారు. మునగలేదు. వృథా తగ్గించడం వల్లే కోట్ల డాలర్లు మిగిలాయని ఆయన లెక్క చూపించేవారు. 2011లో ఆయన కాలం చేశారు. లక్ష్యం చేరుకున్నామని కంపెనీ 2019లో ప్రకటించింది. ఆయన పేరుతో ఉన్న రే సి. ఆండర్సన్ ఫౌండేషన్‌ని ఆయన కూతుళ్ళ కుటుంబాలు నడుపుతున్నాయి. వ్యాపారం చేసేవాళ్ళకి భూమి పట్ల బాధ్యత నేర్పే పనులకి అది డబ్బు ఇస్తుంది.

ఆ కంపెనీ పుణ్యక్షేత్రం అయిపోయిందని నేను అనను. ఏ ఫ్యాక్టరీ పొగా పూర్తిగా పవిత్రం కాదు. నేను చెప్పేది ఒక్కటే. అరవై ఏళ్ళ వయసులో, కుర్చీలో కూర్చుని ఉండగానే మనిషి మారగలడు. అడవికి వెళ్ళక్కర్లేదు. పుట్ట కట్టక్కర్లేదు.

మన నక్కవాగు, మన విశాఖ

దూరం కథలు చెప్పి తప్పించుకోను. మన ఇంటి సంగతీ చెప్పుకోవాలి.

హైదరాబాదు పక్కన పటాన్‌చెరు, బొల్లారం. 1970ల నుంచి అక్కడ ఫ్యాక్టరీలు వచ్చాయి. ఎందరికో ఉద్యోగాలు వచ్చాయి, నిజమే. నక్కవాగు కూడా పాడైంది. పొలాలు పోయాయి, బావులు పోయాయి. రైతుల తరఫున 1990లోనే సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. దాదాపు 90 మందుల కంపెనీల నీరు వచ్చి చేరే శుద్ధి కేంద్రం నుంచి బయటికి వెళ్ళే నీళ్ళు అవి. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉంది. జబ్బు చేస్తే మనం వేసుకునే మందే అది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ, వాగుకి వెళ్ళే నీళ్ళలో ఉంది! సూక్ష్మక్రిములు ఆ నీళ్ళలో పెరిగి మందుకి అలవాటు పడితే, రేపు మన పిల్లవాడికి జ్వరం వస్తే అదే మందు పనిచేయదు.

పాలసముద్రంలోంచి చివరికి వచ్చింది ఎవరు? అమృత కలశంతో ధన్వంతరి. వైద్యుల దేవుడు. విషం వచ్చిందీ ఆ సముద్రంలోంచే, ధన్వంతరి వచ్చిందీ ఆ సముద్రంలోంచే. విషం సంగతి తేల్చాకే ధన్వంతరి వచ్చాడు. మనం ధన్వంతరిని అమ్ముకుని విషాన్ని వాగులో వదిలాం. నక్కవాగు మంజీరలో కలుస్తుంది. మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరిలోనే పుష్కరానికి మూడు మునకలు వేస్తాం.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చింది. ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం నిద్రలో ఉన్నారు. రోడ్డు మీద పరుగెత్తుతూ పడిపోయినవాళ్ళని మనం టీవీల్లో చూశాం. పన్నెండు ప్రాణాలు పోయాయి. హెచ్చరిక సైరన్ మోగించలేదని ప్రభుత్వం వేసిన కమిటీ తప్పుపట్టింది. ప్రమాదం ఉంటే ఊరికి చెప్పాలి అన్నది వాల్డెజ్ సూత్రాల్లో ఉందని ఇందాక అనుకున్నాం కదా. అది కాగితం మీద నియమం కాదు బంధువులారా. ఒక సైరన్ మోత. అది మోగితే కొందరు లేచి ఉండేవాళ్ళేమో.

నేను చేసిన తప్పు

ఇంకొకళ్ళకి చెప్పేముందు నా సంగతి చెప్పాలి.

చాలా ఏళ్ళ క్రితం ఒక పారిశ్రామిక పట్టణంలో భాగవత సప్తాహం చెప్పాను. పందిరి, భోజనాలు, మైకులు, నా సంభావన, అన్నీ ఒక ఫ్యాక్టరీ యజమాని ఇచ్చారు. ముందు వరసలో కూర్చునేవారు. మంచి మర్యాదస్తుడు. కాళీయమర్దనం చెప్పిన రోజు, యమున మడుగు విషమైపోతే స్వామి ఆ పాముని ఎలా తరిమాడో గంటన్నర చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు. యజమాని లేచి నాకు శాలువా కప్పారు. నేను ఆయన మెడలో దండ వేశాను.

అందరూ వెళ్ళాక ఒక ముసలమ్మ దగ్గరికి వచ్చింది. ప్రసాదం కోసం అనుకున్నాను. "అయ్యా, బాగా చెప్పినారు. మా చెరువులో కాళీయుడు మీ ముందే కూచుంటే దండేసినారేంటయ్యా?" అంది. అని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. మర్నాడైనా మాట్లాడానా? లేదు. మిగతా రోజులు కథ చెప్పి, సంభావన తీసుకుని, కారెక్కి వచ్చేశాను. అందుకే ఆ ఉత్తరం చదివినప్పుడు నోరు పెగల్లేదు. ఆయనది రిజిస్టర్ మీద సంతకం. నాది దండ. రెండూ ఒకటే.

ఇక్కడ యజమానులకి కూడా చేతులు జోడించి ఒక మాట. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. మంచిదే. బడి కట్టండి, గుడికి మండపం కట్టండి. కానీ చెరువు పాడుచేసి మంచినీళ్ళ ట్యాంకరు పంపితే అది దానం కాదు. అప్పులో ఒక వాయిదా, అంతే. ముందు అప్పు తీరాలి. దానం తర్వాత. మన న్యాయస్థానాలు కూడా ఆ మాటే చెప్పాయి. పాడుచేసినవాడే బాగుచేయించాలి, నష్టం కట్టాలి అని 1996లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇప్పుడు మీ ప్రశ్నకి జవాబు

నాయనా, పాపం అంటుతుందా అని అడిగారు. అంటుతుంది. చేసినవాడు, చేయించినవాడు, ప్రోత్సహించినవాడు, చూసి సరే అన్నవాడు, నలుగురికీ భాగం ఉందని పెద్దలు చెబుతారు. సంతకం అంటే సరే అనడమే.

కానీ మీ చెయ్యి వణుకుతోంది అని రాశారే, దానికి నేను సంతోషించాను. మందు పనిచేస్తుంటే ఒళ్ళు వేడెక్కినట్టు, లోపల ఈశ్వరుడు కదిలితే చెయ్యి వణుకుతుంది. ఎన్నేళ్ళుగానో మీరు చేసిన అభిషేకం ఫలించింది. ఫలం అంటే ప్రమోషన్ అనుకుంటాం. ఇది అంతకన్నా పెద్ద ఫలం.

రేపే ఉద్యోగం మానేయండి అని నేను చెప్పను. ఏసీ గదిలో కూర్చుని మీ పిల్లల ఫీజుతో నేను వీరత్వం చూపించకూడదు. ఒక్కొక్క మెట్టే చెబుతాను.

మొదటిది, ఇంట్లో చెప్పండి. శివుడు అమ్మవారిని అడిగాకే తాగాడు. రత్నాకరుడు ఇంటికి వెళ్ళి అడిగాకే మారాడు. మీ ఆవిడకీ, ఎదిగిన పిల్లలకీ ఉన్న సంగతి చెప్పండి. పాపంలో వాటా అడగకండి, ధైర్యంలో వాటా అడగండి. మీరు అనుకున్నదానికన్నా వాళ్ళు గట్టివాళ్ళయి ఉండొచ్చు.

రెండోది, ఇకమీదట మీరు చూడనిదాని కింద, జరగనిదాని కింద సంతకం పెట్టకండి. గొడవ పడక్కర్లేదు. "నేను చూసింది ఇది, ఇదే రాస్తాను సార్" అని మెల్లగా అనండి. మీ దగ్గర తేదీలు, వేళలు రాసి పెట్టుకోండి.

మూడోది, పైవాళ్ళకి రాతపూర్వకంగా చెప్పండి. మీది లిస్టెడ్ కంపెనీ అయితే, ఉద్యోగులు భయం లేకుండా తప్పు చెప్పుకునే ఏర్పాటు ఉండాలని అదే 2013 చట్టంలో ఉంది. చాలామందికి ఆ సంగతి తెలియదు. యజమానికి నిజంగా తెలియకుండా కిందివాళ్ళే చేస్తూ ఉండొచ్చు కూడా. రే ఆండర్సన్ లాంటి మనసు ఏ కుర్చీలో కూర్చుని ఉందో మనకి తెలియదు. బల్ల మీదికి ఆ కాగితం చేరాలి కదా!

నాలుగోది, అప్పటికీ ఆగకపోతే కాలుష్య నియంత్రణ మండలి ఉంది, జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది. ఒంటరిగా వెళ్ళకండి. నలుగురితో, తెలిసిన లాయరు సలహాతో వెళ్ళండి. దేవతలు కూడా కైలాసానికి ఒక్కొక్కరుగా వెళ్ళలేదు, కలిసే వెళ్ళారు.

ఈలోగా ఇంకో ఉద్యోగం చూసుకోవడం పిరికితనం కాదు. ఇంటిని కాపాడుకోవడం కూడా ధర్మమే. కానీ వెళ్ళేటప్పుడు నిజం చెప్పి వెళ్ళండి.

మిగతా మనందరికీ

ఈ వారం సంకల్పం చిన్నది. పొద్దున్నే మంచం దిగేముందు, కాలు మోపుతున్నందుకు భూదేవిని క్షమించమని అడగడం మనకి అలవాటు. ఆ అలవాటు తప్పిపోయినవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టండి. అడిగాక ఒక్క నిమిషం కూర్చుని ఆలోచించండి. నా జీతం ఎక్కడినుంచి వస్తోంది? నా పొదుపు ఎక్కడికి వెళ్తోంది? ఆ దారిలో ఎవరి గొంతులోనైనా విషం పడుతోందా? మీరు పనిచేసే చోటో, డబ్బు పెట్టిన చోటో ఒక్క ప్రశ్న అడగండి. ఒక్కటి చాలు. అడిగినవాళ్ళు ఉన్నారని తెలిస్తేనే కంపెనీలు కదులుతాయి. సెరీస్ కథ మనకి చెప్పేది అదే.

సురుటుపల్లి వెళ్ళే అవకాశం ఉంటే వెళ్ళి రండి. స్వామి అమ్మవారి ఒడిలో పడుకుని ఉంటాడు. "స్వామీ, ఇంకా నీతో తాగించం. మాది మేం చూసుకుంటాం" అని చెప్పి రండి. అంతకన్నా పెద్ద అభిషేకం ఆయనకి లేదు.

ఉత్తరం రాసిన నాయనా, మీ చెంబులో నీళ్ళు ఏ వాగువో, ఆ వాగు కూడా శివుడి జటలోదే. మళ్ళీ రాయండి. ఏం జరిగిందో చెప్పండి. మీ కోసం రోజూ ఒక మారేడు దళం వేస్తున్నాను.

శుభం భూయాత్. ఓం నమశ్శివాయ.